సొంత పడవ: ముందు ఆగడం నేర్చుకోండి

నెక్లెస్ రోడ్డు మీద నడుస్తున్నప్పుడు హుస్సేన్‌సాగర్‌లో తెల్ల తెరచాపలు వంగి లేవడం మీరు చాలాసార్లే చూసి ఉంటారు. ఒకరోజు ‘నాకూ అలాంటిది ఒకటి ఉంటేనా!’ అనిపించింది. ఇంటికి వెళ్ళాక కూడా ఆ ఆలోచన వదల్లేదు. అందుకే ఈ అధ్యాయం తెరిచారు. మంచి పని చేశారు.

ఇప్పుడు మీ మనసులో ఏం తిరుగుతోందో చెప్పనా? ఈత అంతంత మాత్రం. వయసు నలభై దాటింది. ఇంట్లోవాళ్ళు ‘ఈ వయసులో నీళ్ళ మీద ఆటలేంటండీ’ అంటున్నారు. పడవ తిరగబడితే? గాలి ఎటో లాక్కెళ్ళిపోతే? నలుగురూ చూస్తుండగా నడి చెరువులో కదలకుండా నిలబడిపోతే?

ఇవి ఉత్త అనుమానాలు కావు. మూడూ జరుగుతాయి, మీకూ జరుగుతాయి. కానీ వీటికి గుండె ధైర్యం అక్కర్లేదు, వరస తెలిస్తే చాలు. చాలామంది మొదటి రోజే పడవను ఎలా పరిగెత్తించాలా అని చూస్తారు. పడవకు బ్రేకు ఉండదు. ఎలా ఆపాలో తెలియని మనిషికి వేగం పెరిగేకొద్దీ భయం పెరుగుతుంది, భయపడ్డ చెయ్యి తాడును ఇంకా బిగించి పట్టుకుంటుంది, పడవ ఇంకా వేగంగా పోతుంది. ఆ చక్రంలో పడొద్దు. ముందు ఆగడం, తర్వాత తిరగబడి లేవడం, ఆ తర్వాత ఒడ్డుకు చేరడం నేర్చుకోండి. పరుగు దానంతట అదే వస్తుంది.

ఇక్కడ నేను హుస్సేన్‌సాగర్‌నీ, ఒక్కరు నడిపే లేజర్ పడవనీ దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మీరు డాలస్‌లో వైట్ రాక్ లేక్ పక్కన ఉంటూ వాడిన సన్‌ఫిష్ పడవ ఒకటి కొనాలనుకుంటున్నా పద్ధతి ఇదే.

1. కొనే ముందు ఇంకొకరి పడవ ఎక్కండి

సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మూడూ ఈ చెరువు మీదే ఉన్నాయి. స్వయంగా వెళ్ళండి. బయటివాళ్ళకు శిక్షణ ఎప్పుడు ఉంటుంది, పడవ అక్కడ ఉంచుకోనిస్తారా, రక్షణకు మోటారు బోటు ఏ వేళల్లో తిరుగుతుంది అని అడగండి. ఈ మూడో ప్రశ్న అడగడం చాలామంది మర్చిపోతారు. మీరు నీళ్ళలోకి దిగే రోజులూ గంటలూ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళలు తారిణి అనే తెరచాప పడవలో భూమిని చుట్టడానికి బయల్దేరి, 2018 మే 21న తిరిగి వచ్చారు. వాళ్ళలో విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. తారిణి చేతికి రాకముందే ఆ జట్టు మాదేయి అనే పాత పడవ మీద కేప్‌టౌన్ దాకా వెళ్ళింది. సముద్రాలు దాటినవాళ్ళే ముందు మరో పడవ మీద చెయ్యి తిప్పుకున్నారు. మరి మనకు తొందరేమిటి?

2. చిన్నది కొనండి

‘ఎలాగూ కొంటున్నాం, కాస్త పెద్దదైతే ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు కదా’ అనిపిస్తుంది. ఆ కోరికను రెండేళ్ళు వాయిదా వేయండి. పెద్ద పడవను కదిలించాలంటేనే ఇద్దరు ముగ్గురు కావాలి. వాళ్ళకు కుదిరిన రోజే మీకు సెయిలింగ్. చిన్న పడవ చేసిన తప్పు వెంటనే చెబుతుంది, పెద్దది ఆలస్యంగా, గట్టిగా చెబుతుంది.

లేజర్ పొడవు సుమారు 4.2 మీటర్లు, ఖాళీ పడవ బరువు 59 కిలోలు. ఇప్పుడు పోటీల్లో దీన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు. దీనిలో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే ఒకే పడవకు మూడు సైజుల తెరచాపలు వస్తాయి: 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. తెరచాపా, దాన్ని నిలబెట్టే కొయ్య కింది ముక్కా మార్చుకుంటే చాలు. మీరు 75 కిలోలున్నా సరే, మొదటి ఏడాది మధ్య సైజుతో నేర్చుకోండి. అరవై కిలోల లోపు ఉంటే అన్నిటికంటే చిన్నది తీసుకోండి. చిన్న తెరచాప పిల్లల తెరచాపేం కాదు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ రజతం గెలిచింది ఆ చిన్న తెరచాప విభాగంలోనే. ఆ అమ్మాయి నేర్చుకున్నది సముద్రం మీద కూడా కాదు, భోపాల్ పెద్ద చెరువు మీద.

దంపతులిద్దరూ కలిసి నేర్చుకోవాలనుకుంటే ఎంటర్‌ప్రైజ్ చూడండి. 1956లో జాక్ హోల్ట్ రూపొందించిన ఇద్దరి పడవ అది. నీలం తెరచాపలను బట్టి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. పిల్లలకైతే ఆప్టిమిస్ట్. 35 కిలోల డబ్బా ఆకారపు పడవ, పదిహేనేళ్ళ దాకా పనికొస్తుంది.

3. వాడిన పడవను చేత్తో, చెవితో చూడండి

కొత్తదాని జోలికి పోవద్దనే నా సలహా. మొదటి ఏడాది పడవను ఒడ్డు రాళ్ళకు రాస్తారు, తాళ్ళు తెంపుతారు. ఆ దెబ్బలన్నీ పాత పడవకే తగలనివ్వండి. అయితే పాతదంటే పుచ్చినదని అర్థం కాదు. రంగు చూసి మోసపోకండి. ఇలా పరీక్షించండి.

పడవ పైభాగమంతా వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చోట టకటకమంటుంది. మెత్తబడిన చోట శబ్దం మొద్దుగా మారుతుంది. కూర్చునే చోట, కొయ్య చుట్టుపక్కల అరచేత్తో నొక్కండి. లోపలికి దిగుతోందా? అక్కడ లోపలి పొర విడిపోతోందన్నమాట.

తర్వాత అసలు పరీక్ష. లేజర్‌లో కొయ్యను ఒక గుంతలో నిలబెడతారు. గాలి బలమంతా ఆ గుంత అడుగునే పడుతుంది. ఒక చెంబు నీళ్ళు అడిగి తెప్పించుకుని ఆ గుంత నింపండి. నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, యజమానితో కాసేపు కబుర్లాడండి. ఓ పావుగంట తర్వాత చూడండి. మట్టం గీత దగ్గరే ఉంటే సంతోషం. దిగిపోతే ఆ నీళ్ళు పడవ పొట్టలోకి వెళ్ళాయి. అలాంటి పడవ గట్టిగాలిలో కొయ్యతో సహా విరిగే ప్రమాదం ఉంది. ‘చిన్న లీకే సార్, ఎంసీల్ పెడితే సరి’ అంటారు. నమస్కారం పెట్టి వచ్చేయండి.

కొయ్య ముక్కలను నేల మీద దొర్లించి వంపు ఉందేమో చూడండి. చుక్కాని తగిలించే కొక్కేలను పట్టుకుని ఊపండి, కదలకూడదు. పడవను ఇద్దరు ఎత్తి చూడండి. 59 కిలోలు ఉండాల్సింది మరీ బరువనిపిస్తే లోపల నీళ్ళు తాగి ఉంది. తెరచాప మెత్తటి పాత చీరలా అయిపోయినా పర్లేదు, నేర్చుకోవడానికి అది చాలు. తెరచాప మార్చొచ్చు, గుంతను మార్చడం కష్టం.

4. గాలిని బట్టి రోజు ఎంచుకోండి

జులై, ఆగస్టుల్లో నైరుతి గాలి హుస్సేన్‌సాగర్ మీద బలంగా వీస్తుంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వానాకాలంలో పెట్టేది ఆ గాలి కోసమే. పోటీలకు అది పండగ. మీకు మాత్రం చలికాలం మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి నెమ్మదిగా ఉంటుంది, తప్పు చేసినా ఆలోచించుకునే సమయం ఇస్తుంది.

ఫోన్‌లో గాలి వేగం చూసేటప్పుడు రెండు అంకెలు చూడండి: మామూలు వేగం, విసురు వేగం. గంటకు 8 నుంచి 15 కిలోమీటర్లుంటే మీ రోజు. విసురు 20 దాటితే ఒడ్డున కూర్చుని చూసి నేర్చుకోండి. 10, 20 మధ్య తేడా రెండింతలే కదా అనుకోకండి. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే బలం నాలుగింతలు అవుతుంది. ఫోన్ లేకపోతే నీటిని చూడండి. తెల్ల నురగ తలలు అక్కడక్కడా మొదలయ్యాయంటే జాగ్రత్తపడాలి. ఎటు చూసినా అవే కనిపిస్తే మొదటి ఏడాది ఆ రోజు మీది కాదు.

గాలి ఎటు నుంచి వస్తోంది? నీళ్ళలోకి దిగకముందే చేత్తో చూపించగలగాలి. సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద జెండా ఎగురుతున్న రోజుల్లో ఎక్కడి నుంచైనా కనబడుతుంది. కాకపోతే అంత ఎత్తు మీది గాలీ, మీ తెరచాపకు తగిలే గాలీ ఒకటే కావాలని లేదు. చుట్టూ ఉన్న భవనాలు గాలిని విరిచేస్తాయి. అందుకే ముఖం అటూ ఇటూ తిప్పి, రెండు చెవుల్లోనూ గాలి హోరు సమానంగా వినిపించే చోట ఆపండి. మీ ముక్కు చూపిస్తున్న దిక్కే గాలి దిక్కు.

ఈ చెరువుకు సంబంధించి ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. వానాకాలం గాలి పడమర వైపు నుంచి వస్తుంది, ట్యాంక్‌బండ్ తూర్పున ఉంది. మీ పడవ అదుపు తప్పితే వెళ్ళి చేరేది ఆ రాతి కట్టకే. కాబట్టి కట్టకూ మీకూ మధ్య ఎప్పుడూ బాగా ఎడం ఉంచండి. లుంబినీ పార్కు నుంచి చెరువు మధ్యలోని బుద్ధ విగ్రహం దగ్గరికి తిరిగే లాంచీల దారికీ దూరంగా ఉండండి.

5. ఒంటి మీద ఏముండాలి

లైఫ్ జాకెట్ లేకుండా అడుగు కూడా వేయొద్దు, మోకాలి లోతు నీళ్ళలో అయినా సరే. ఈత బాగా వచ్చి, రక్షణ బోటు దగ్గర్లో ఉంటే 50 న్యూటన్ల జాకెట్ చాలు, కదలడానికి వీలుగా ఉంటుంది. ఈత రాకపోతే ముఖాన్ని పైకి తేల్చే రకం కావాలి, దాని మీద 100 లేదా 150 అని ఉంటుంది. ఈత కూడా పక్కన నేర్చుకుంటూ ఉండండి. పాత బూట్లు, తాడు కోసుకోకుండా చేతి తొడుగులు, దారం కట్టిన టోపీ. ఒంటి మీద గాయాలుంటే ప్లాస్టర్ వేసుకోండి. ఈ నీళ్ళు శుభ్రమైనవి కావని మనందరికీ తెలుసు. తిరిగొచ్చాక సబ్బుతో స్నానం తప్పనిసరి.

6. ఇప్పుడు ఆగండి

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

మీ ఒక చేతిలో టిల్లర్ ఉంటుంది. అది చుక్కానిని తిప్పే కర్ర. రెండో చేతిలో షీట్ ఉంటుంది. అది తెరచాపను లాగే తాడు. లాగితే తెరచాపలో గాలి నిండి పడవ కదులుతుంది. వదిలితే తెరచాప జెండాలా కొట్టుకుంటుంది, బలం పోతుంది.

మొదటి రోజు మొదటి అరగంట చేయాల్సింది ఇంతే. గాలి ఒక పక్క నుంచి, కొంచెం ముందు వైపు నుంచి తగిలేలా పడవను పెట్టండి. తాడు పూర్తిగా వదలండి. తెరచాప టపటపా కొట్టుకుంటుంది. పడవ ఆగి, మెల్లగా పక్కకు జారుతుంది. ఆ శబ్దానికి కంగారుపడకండి. ఏదో చిరిగిపోతున్నట్టే ఉంటుంది, ఏమీ కాదు. అలాగే కూర్చుని నీళ్ళు తాగండి, చుట్టూ చూడండి. ఇప్పుడు తాడు మూరెడు లాగండి. పడవ కదిలింది. వదలండి. ఆగింది. మళ్ళీ లాగండి, మళ్ళీ వదలండి. చెయ్యి తనంతట తనే వదలడం నేర్చుకునేదాకా చేయండి.

ఇదంతా చదివితే తేలిక. ఒక సందర్భం ఊహించుకోండి. మీరు హాయిగా సాగుతున్నారు. ఒక్కసారిగా విసురుగాలి వచ్చింది. పడవ ఒక పక్కకు లేచింది, అవతలి అంచు నీళ్ళకు తగిలింది. మనిషి స్వభావం ఏమిటి? పడిపోతున్నప్పుడు చేతిలో ఏది ఉంటే దాన్ని గట్టిగా పట్టుకుంటాం. మీ చేతిలో ఉన్నది షీట్. గట్టిగా పట్టుకుంటే పడవ ఇంకా లేస్తుంది. పక్కన రక్షణ బోటులో ఉన్న కుర్రాడు అరుస్తాడు: “ఛోడో సార్, షీట్ ఛోడో! వదిలెయ్యండి!” మీకు వినబడుతుంది, వేళ్ళు మాత్రం విడవవు. రెండు క్షణాల్లో మీరు నీళ్ళలో ఉంటారు.

ఆ వేళ్ళకు ఒడ్డునే శిక్షణ ఇవ్వాలి. షీట్‌ను ఎప్పుడూ అరచేతికి చుట్టుకోవద్దు. ఇది కొత్తవాళ్ళు చేసే అతి ప్రమాదకరమైన తప్పు. చుట్టిన తాడు వదలాలన్నా వదలదు. అలాగే పడవ మీద ఉన్న క్లీట్‌లో తాడు బిగించేసి చెయ్యి ఖాళీ చేసుకోవద్దు, కనీసం మొదటి ఏడాది. తాడు పూర్తిగా జారిపోకుండా చివర ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేయండి. ఆ ముడి ఇంట్లో టీవీ చూస్తూ కూడా సాధన చేయొచ్చు.

7. కూర్చోవడం, తిప్పడం

గాలి వచ్చే వైపు కూర్చోండి, వీపు గాలికి, ముఖం తెరచాపకు. టిల్లర్‌ను తెరచాప వైపు తోస్తే పడవ ముక్కు గాలి వైపు తిరుగుతుంది, బలం తగ్గుతుంది. మీ వైపు లాక్కుంటే గాలికి దూరంగా తిరుగుతుంది. మొదటి గంటలో అందరూ తికమకపడతారు. తికమక పడ్డప్పుడు ఏం చేయాలి? తాడు వదలండి, టిల్లర్ తోయండి. పడవ గాలి వైపు తిరిగి ఆగుతుంది. ఎటు వెళ్ళాలో అప్పుడు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

చూపు టిల్లర్ మీద పెట్టకండి. ఒడ్డున ఒక చెట్టునో భవనాన్నో గురి పెట్టుకుని దానివైపు వెళ్ళండి. తెరచాప ఎంత లాగాలో తెలియకపోతే, ముందు అంచు అల్లాడేదాకా వదలండి, అల్లాడటం ఆగేదాకా లాగండి. అక్కడ ఆపండి. కాసేపటికి మళ్ళీ వదిలి చూసుకోండి. చాలామంది తెరచాపను బిగలాగి ‘పడవ కదలట్లేదేంటి’ అంటారు. ఎక్కువ లాగినా పడవ నిదానిస్తుంది.

8. ముందు ఎదురుగాలికి వెళ్ళండి

పడవ గాలికి నేరుగా ఎదురు పోలేదు. గాలి దిక్కుకు ఇటు 45 డిగ్రీలు, అటు 45 డిగ్రీలు దాటాకే తెరచాప పని చేస్తుంది. అందుకే ఎదురు వెళ్ళాలంటే వంకర టింకరగా, ఒకసారి అటు, ఒకసారి ఇటు మళ్ళుతూ పోవాలి. దూరం పెరుగుతుంది, సమయమూ పడుతుంది.

ఇక్కడే ఆదివారం ఉదయం ఒకాయన చిక్కుకుంటాడు. ఒడ్డు దిగగానే గాలివాటున పడవ సుతారంగా జారిపోతోంది. గాలి వెనక నుంచి వస్తే చల్లదనం కూడా తెలియదు, గాలి లేనట్టే ఉంటుంది. పావుగంటలో అవతలి ఒడ్డు దాకా వచ్చేశాడు. వెనక్కి తిరిగాక తెలిసింది అసలు గాలి ఎంతుందో. మళ్ళీ మళ్ళీ మళ్ళుతూ రెండు గంటలైనా క్లబ్బు దగ్గరవదు. చేతులు పట్టేశాయి, ఎండ నెత్తికెక్కింది.

మీరు దీన్ని తలకిందులు చేయండి. ఓపిక ఉన్నప్పుడే ఎదురుగాలికి వెళ్ళండి. అలసిపోయాక గాలే ఇంటికి తెస్తుంది.

మళ్ళేటప్పుడు పడవ ముక్కు సరిగ్గా గాలికి ఎదురై నిలిచిపోతుంది ఒక్కోసారి. చుక్కాని ఎటు తిప్పినా పలకదు, ఎందుకంటే నీళ్ళు దాని పక్కనుంచి పారడం లేదు. అలాంటప్పుడు తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య, అంటే బూమ్‌ను చేత్తో ఒక పక్కకు తోయండి. టిల్లర్‌నూ అదే పక్కకు తోయండి. పడవ వెనక్కి జరుగుతూ ఒక వైపుకు తిరుగుతుంది. గాలి పక్క నుంచి తగలగానే రెండూ మామూలుగా పట్టుకుని బయల్దేరండి. దీన్ని కావాలని చేసి చూడండి, నడి చెరువులో నిలబడిపోతామన్న భయం ఆ రోజుతో పోతుంది.

9. మళ్ళడం రెండు రకాలు, ఒకటి వాయిదా వేయండి

ముక్కును గాలిలోంచి తిప్పి అవతలి వైపుకు మళ్ళితే అది ట్యాక్. కొంచెం వేగం ఉండాలి, టిల్లర్ నిదానంగా తోయాలి, తల వంచి అవతలికి మారాలి. వెనక భాగాన్ని గాలిలోంచి తిప్పితే అది జైబ్. ఇందులో బూమ్ ఒక్క ఊపున అటు నుంచి ఇటు వస్తుంది, తల అడ్డం ఉంటే అంతే సంగతులు. లేజర్‌లో అయితే షీట్ పడవ వెనక మూలకు తగులుకుని ఇంకో చిక్కు తెస్తుంది. గాలి నెమ్మదిగా ఉన్న రోజు జైబ్ నేర్చుకోండి. గాలి ఎక్కువైతే, అవసరమైనా జైబ్ చేయకుండా చుట్టూ తిరిగి ట్యాక్ చేయండి. కాస్త దూరం ఎక్కువైనా నష్టం లేదు.

10. కావాలని తిరగబడండి

అవును, కావాలనే. రక్షణ బోటు పక్కన, పలచని గాలిలో, మొదటి వారంలోనే. ఎప్పుడో తిరగబడుతుందని ఎదురుచూస్తూ బతకడం కంటే ముందే ఆ పని కానిచ్చేస్తే మనసు తేలికపడుతుంది.

బయల్దేరేముందే డాగర్‌బోర్డు, అంటే పడవ మధ్య నుంచి నీళ్ళలోకి దించే పలక, చిన్న తాడుతో పడవకు కట్టి ఉందో లేదో చూసుకోండి. తిరగబడ్డప్పుడు అది జారిపోతే లేపడానికి ఆధారమే ఉండదు. చుక్కాని చీలకు అడ్డం ఉండే క్లిప్పు కూడా పడిందా అని చూడండి.

తిరగబడ్డాక మొదటి మాట: పడవను వదలొద్దు. ఒడ్డు దగ్గరే కనిపిస్తుంది, ఈదేద్దాం అనిపిస్తుంది. ఈదొద్దు. పడవ తేలుతుంది, దూరం నుంచి అందరికీ కనబడుతుంది. మీ తల కనబడదు.

తాడు చిక్కుల్లో కాళ్ళు ఇరుక్కోలేదని చూసుకుని షీట్ వదిలేయండి. పడవ ముందు కొన దగ్గరికి వెళ్ళి కాసేపు దాన్ని పట్టుకుని వేలాడండి. మీ బరువుకు ముక్కు తనంతట తనే గాలి వైపు తిరుగుతుంది. ఈ పని చేయకుండా లేపితే తెరచాపలో గాలి నిండి పడవ అవతలికి తిరగబడుతుంది, ఈసారి మీ మీద. ముక్కు తిరిగాక అడుగు భాగం వైపుకు వచ్చి డాగర్‌బోర్డు పట్టుకుని బరువు వేయండి. చాలకపోతే దాని మీదికి ఎక్కండి. కొసన కాకుండా పడవకు దగ్గరగా కాళ్ళు పెట్టండి, లేకపోతే పలక విరుగుతుంది. తెరచాప నీళ్ళలోంచి నెమ్మదిగా ఊడొస్తుంది. పైకి రాగానే అంచు మీదుగా లోపలికి ఎగబాకండి.

లేవకపోతే? కొయ్య తలకిందులుగా నిలిచి అడుగు బురదలో దిగబడిందేమో. హుస్సేన్‌సాగర్ లోతు ఎక్కడా ముప్పై అడుగుల చిల్లర మించదు, చాలాచోట్ల అంతకంటే చాలా తక్కువ, అడుగంతా పూడిక. డాగర్‌బోర్డు మీద ఎగిరి గెంతితే కొయ్య వంగిపోతుంది. పడవ పట్టుకుని చెయ్యి ఊపండి, రక్షణ బోటును రానివ్వండి. సాయం అడగడానికి మొహమాటపడొద్దు. వాళ్ళు ఉన్నదే అందుకు.

లేచాక మీకు ఊపిరి ఎగపోస్తుంది. షీట్ వదిలిపెట్టే కూర్చోండి. ఊపిరి సర్దుకున్నాకే బయల్దేరండి.

11. ఎవరికి ఎవరు దారి ఇవ్వాలి

రెండు తెరచాప పడవలు ఎదురైతే, గాలి కుడివైపు నుంచి తగిలే పడవకు హక్కు, ఎడమవైపు నుంచి తగిలేది తప్పుకోవాలి. ఇద్దరికీ గాలి ఒకే వైపు నుంచి వస్తుంటే, గాలికి దగ్గరగా ఉన్నవాళ్ళు తప్పుకోవాలి. దాటి వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ తప్పుకోవాలి. హక్కు మీదే అయినా ఎదుటివాడు చూడలేదనిపిస్తే తప్పుకోండి.

12. ఒడ్డుకు రావడం

గాలి ఒడ్డు వైపు తోస్తుంటే పూర్తి వేగంతో వచ్చి గుద్దుకుంటారు చాలామంది. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే ముక్కును గాలి వైపు తిప్పి తాడు వదిలేయండి, పడవ నిదానంగా వెనక్కి జారుతూ వస్తుంది. డాగర్‌బోర్డు సగం పైకి లాగండి, చుక్కాని పైకెత్తండి. నడుము లోతులో దిగి పడవను పట్టుకోండి, దానికీ ఒడ్డుకూ మధ్య మాత్రం నిలబడొద్దు. గాలి ఒడ్డు నుంచి నీళ్ళ వైపు వీస్తుంటే పని తేలిక. నెమ్మదిగా ఎదురెక్కి వచ్చి, చివర్లో తాడు వదిలితే ఒడ్డు దగ్గరే ఆగుతుంది. ఒడ్డు నుంచి బయల్దేరేటప్పుడు ఎవరికో ఒకరికి ‘ఇన్నింటికి వస్తాను’ అని చెప్పి వెళ్ళారు కదా? దిగగానే వాళ్ళకు కనబడండి.

దారిలో గుర్రపుడెక్క చుక్కానికీ డాగర్‌బోర్డుకూ చుట్టుకుని ఉంటుంది. పీకి పారేయండి. పడవ ఉన్నట్టుండి మందగిస్తే కారణం గాలే అనుకోకుండా ఒకసారి కిందికి చూడటం కూడా అలవాటు చేసుకోండి.

13. ఇంట్లోవాళ్ళను ఎప్పుడు ఎక్కించుకోవాలి

లేజర్ ఒక్కరి పడవే అయినా, పలచని గాలిలో ఒక పిల్లను ఎక్కించుకోవచ్చు. కానీ మీరు ఒంటరిగా తిరగబడి, ఎవరి సాయం లేకుండా లేచి, ఒడ్డుకు వచ్చిన అనుభవం కొన్నిసార్లయినా ఉండాలి. అప్పటిదాకా ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. ‘ఏం కాదులే నాన్నా, ఒక్క రౌండ్’ అని కూతురు బతిమాలితే మరీ గట్టిగా ఉండాలి.

ఎక్కించుకున్న రోజు తనను ఊరికే కూర్చోబెట్టకండి. పడవలో పని లేనివాళ్ళకే భయం ఎక్కువ. షీట్ తన చేతికిచ్చి, ఒడ్డు దగ్గరే ఆ లాగడం, వదలడం చేయించండి. బూమ్ వచ్చేటప్పుడు ‘తల వంచమ్మా’ అని ముందే చెప్పండి.

14. ఇంటికి వెళ్ళేముందు

పడవను మంచినీళ్ళతో కడగండి. తెరచాపను మడతలు పెట్టకుండా చుట్టండి, నీడలో ఆరబెట్టండి, ఎండ దాని బట్టను తినేస్తుంది. పడవ వెనక అంచున చిన్న బిరడా ఉంటుంది. బయల్దేరేముందు అది బిగించామా అని చూడటం మొదటి పని, తిరిగొచ్చాక విప్పి పడవను వాల్చడం చివరి పని. లోపలి నీళ్ళు కారనివ్వండి. అరచెంబు వస్తే మామూలే. ఒక మగ్గు దాటితే నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఆదివారం పడవను నీళ్ళలోకి దించకుండా కొయ్య గుంతలో మళ్ళీ ఒక చెంబు నీళ్ళు పోసి, గీత పెట్టి చూడండి. అక్కడ లీకు లేకపోతే బిరడా వాషరు, అక్కడా లేకపోతే డాగర్‌బోర్డు దిగే సందు అంచులు చూడండి. లీకు దొరికి, అతుకు ఆరాకే మళ్ళీ దించండి.